బోరు పెంచితే బలం పెరుగుతుందా?
పాత స్కూటర్లకు కొత్త ఊపు కోరేవారు చూసుకోవలసిన సంగతులు

అటొక పాల క్యాను, ఇటొక పాల క్యాను. వెనక సీటు మీద దాణా బస్తా. ఊరి చెరువుకట్ట ఎక్కేసరికి స్కూటరు రెండో గేరులోనే మూలుగుతుంది. మూడోది వేస్తే ఆగిపోతుంది. దిగి, ఒక పక్కకు వంచి, మళ్లీ నిలబెట్టి కిక్కు కొట్టాలి. పాలకేంద్రంలో తూకం వేళ మించిపోతుంటే ఆ బండి యజమానికి కలిగే ఆలోచన ఒక్కటే. "ఇంజినులో బలం చాలడం లేదు. బోరు పెద్దది చేయించి, కొత్త పిస్టన్ వేయిస్తే సరి."

ఈ ఆలోచనతో మండల కేంద్రాల్లోని మెకానిక్ షెడ్లకు, అక్కడినుంచి లేతు షాపులకు చేరే పాత స్కూటర్లు ఇప్పటికీ కనిపిస్తూనే ఉన్నాయి. పోర్టులు ఆకురాయితో రాపించేవారు కొందరు, హెడ్డు గీయించేవారు కొందరు, సైలెన్సర్ లోపలి పలకలు పీకించేవారు మరికొందరు. పని అయిన వారం రోజులు బండి గుర్రంలా ఉరుకుతుంది. ఆ తర్వాత ఏదో ఒక మిట్టమధ్యాహ్నం నడిరోడ్డుమీద పట్టేస్తుంది. పెట్టిన డబ్బు పోగా, ఆ రోజు పాలు కూడా విరిగిపోతాయి.

బజాజ్ కంపెనీ చేతక్ స్కూటరును 1972లో విడుదల చేసింది. ఒకప్పుడు దానికోసం పేరు నమోదు చేసుకుని ఏళ్ల తరబడి ఎదురు చూసేవారు. పెళ్లి మాటల్లో స్కూటరు ప్రస్తావన రాని ఇల్లు తక్కువ. లక్నోలోని స్కూటర్స్ ఇండియా వారి విజయ్ సూపర్, మన దగ్గర ఆల్విన్ పేరుతో వచ్చిన పుష్పక్ కూడా ఆ కాలం బండ్లే. 2009లో బజాజ్ సంస్థ స్కూటర్ల తయారీకే స్వస్తి చెబుతున్నట్లు ప్రకటించింది. 2020లో చేతక్ పేరు తిరిగి వచ్చిందిగాని అది కరెంటు బండి. అందులో పిస్టనూ లేదు, బోరూ లేదు. పల్లెల్లో మిగిలిన పాత చేతక్‌ల సంగతే ఇక్కడ మాట్లాడుకోవలసింది.

బోరు లెక్క

పాత చేతక్ టూ-స్ట్రోక్ ఇంజిను సామర్థ్యం 145.45 సి.సి. పిస్టన్ తిరిగే గొట్టం అడ్డుకొలత, అంటే బోరు, 57 మిల్లీమీటర్లు. పిస్టన్ పైకీ కిందికీ నడిచే దూరం కూడా 57 మిల్లీమీటర్లే. దీని శక్తి సుమారు ఏడున్నర అశ్వశక్తి.

బోరు అరిగినప్పుడు లేతు మీద దాన్ని కొద్దిగా పెద్దది చేసి, ఆ కొలతకు సరిపోయే ఓవర్‌సైజు పిస్టన్ వేస్తారు. పావు మిల్లీమీటరు చొప్పున పెంచుకుంటూ పోయి, ఒక మిల్లీమీటరు దాకా చేయించారనుకుందాం. అప్పుడు బోరు 58 మిల్లీమీటర్లు అవుతుంది. లెక్క కడితే ఇంజిను సామర్థ్యం 150.6 సి.సి. వస్తుంది. అంటే పెరిగింది 5 సి.సి. మాత్రమే. నూటికి మూడున్నర పాళ్లు. నిండు బస్తాతో కట్ట ఎక్కే బండికి ఈ మూడున్నర పాళ్లు ఏ మూలకు?

మరి బోరు చేయించిన బండి నిజంగానే లాగుతుంది కదా అని ఎవరైనా అడగవచ్చు. లాగుతుంది. అయితే అది కొత్తగా వచ్చిన బలం కాదు, పోయిన బలం తిరిగి రావడం. అరిగిన రింగుల పక్కనుంచి జారిపోతున్న ఒత్తిడి కొత్త రింగులతో నిలుస్తుంది. కొన్ననాడు ఉన్న బలమే మళ్లీ చేతికి వస్తుంది. ఈ తేడా తెలియక, "పావు మిల్లీమీటరుకే ఇంత పికప్ వస్తే ఒక్కసారే మిల్లీమీటరు కొట్టిస్తే ఎంత వస్తుందో" అని ఆశపడి, సిలిండరుకు మిగిలి ఉన్న మూడు నాలుగు మరమ్మతుల ఆయుష్షును ఒకేసారి కోసి పారేసుకున్నవారు ఉన్నారు. ఓవర్‌సైజు పిస్టన్లు ఉన్నది అరుగుదలను సరిచేయడానికి. పందేలకు కాదు.

పోయిన బలం ఎక్కడ?

బోరు దాకా పోకముందే వెతకవలసిన చోట్లు చాలా ఉన్నాయి. టూ-స్ట్రోక్ ఇంజినులో పెట్రోలుతోపాటు ఆయిలు కూడా మండుతుంది. ఆ మసి పొగ బయటికి పోయే పోర్టులోను, సైలెన్సర్ గొట్టంలోను పేరుకుంటుంది. పొయ్యి పొగగొట్టం పూడుకుపోతే మంట మండనట్టే ఇంజిను కూడా ఊపిరాడక నీరసిస్తుంది. హెడ్డు విప్పి మసి గీకి, సైలెన్సర్ శుభ్రం చేయిస్తే సగం జబ్బు నయమైన బండ్లు ఎన్నో. పిస్టన్ మీద మసి గీకేటప్పుడు ఉలి వాడకూడదు. అల్యూమినియం మెత్తటి లోహం కనుక గీత పడితే గీతే. చెక్కపేడు చాలు.

ఇక క్లచ్ ప్లేట్లు జారుతుంటే ఇంజిను అరుస్తుందేగాని చక్రం తిరగదు. బ్రేకు షూలు డ్రమ్మును రాసుకుంటూ ఉంటే ఇంజిను ఒకవైపు లాగుతుంటే బ్రేకు మరోవైపు లాగుతుంది. టైరులో గాలి చాలకపోయినా అంతే. ఎయిర్ ఫిల్టరు మీద కళ్లం దుమ్ము పేరుకున్నా అంతే. వీటిలో ఏదీ బోరుతో పోయే రోగం కాదు.

అన్నిటికంటే మోసకారి ఆయిల్ సీలు. క్రాంకుకు రెండు వైపులా రబ్బరు సీళ్లు ఉంటాయి. క్లచ్ వైపు సీలు పోతే గేరు ఆయిలు ఇంజినులోకి చేరి తెల్లటి పొగ దట్టంగా వస్తుంది. ఇది కంటికి కనిపిస్తుంది కాబట్టి మేలు. మాగ్నెట్ వైపు సీలు పోతే ఏమీ కనిపించదు. అటువైపునుంచి గాలి దొంగతనంగా లోపలికి దూరుతుంది. పెట్రోలు పాలు తగ్గి, గాలి పాలు ఎక్కువవుతుంది. విచిత్రమేమంటే, పెట్రోలు మిశ్రమం పలుచబడ్డ కొత్తలో బండి ఇంకా చురుగ్గా పరుగెత్తినట్టు అనిపించవచ్చు. యజమాని సంతోషిస్తాడు. లోపల పిస్టన్ కాలిపోతూ ఉంటుంది.

మైలేజీ కోసం జెట్టు చిన్నది వేయించుకోవడం, గాలి మరను విప్పించుకోవడం కూడా ఇలాంటిదే. నాలుగు చక్రాల బండి ఇంజినులో ఆయిలు అడుగున వేరుగా ఉంటుంది. టూ-స్ట్రోక్ స్కూటరులో పిస్టనుకు, బేరింగులకు అందే ఆయిలంతా పెట్రోలుతో కలిసి రావలసిందే. పెట్రోలు తగ్గిస్తే ఆయిలు కూడా తగ్గుతుంది. పైగా లోపలికి వచ్చే పెట్రోలు తడి పిస్టనును కొంత చల్లబరుస్తుంది. లీటరుకు రెండు కిలోమీటర్లు ఎక్కువ వచ్చాయని మురిసేవారు ఈ రెండు నష్టాలను లెక్కలో వేసుకోరు.

ప్లగ్గు విప్పి చూస్తే చాలావరకు తెలిసిపోతుంది. మొన కాఫీపొడి రంగులో ఉంటే ఇంజిను ఆరోగ్యంగా ఉన్నట్టు. నల్లగా తడితడిగా ఉంటే పెట్రోలో, ఆయిలో ఎక్కువవుతున్నట్టు. సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంటే మాత్రం బండిని అక్కడితో ఆపి, గాలి ఎక్కడినుంచి వస్తున్నదో వెతకాలి. ఆ రంగుతో బోరు పెంచడం గాని, హెడ్డు గీయించడం గాని చేస్తే ఇంజిను పట్టేయడం ఖాయం.

వేడికి దారి కావాలి

చిన్న ఇంజినులో కాలిన పెట్రోలు శక్తిలో నాలుగో వంతు కూడా చక్రానికి చేరదు. మిగిలినదంతా వేడి. కొంత పొగతో బయటికి పోతుంది, కొంత సిలిండరు ఒంటికి పడుతుంది. అశ్వశక్తి పెంచడమంటే ఈ వేడిని కూడా పెంచడమే. బలం పెంచే పద్ధతులు చాలామందికి తెలుసు, పెరిగిన వేడిని ఎటు పంపాలో ఆలోచించేవారు తక్కువ.

చేతక్‌లో ఇంజిను చక్రం పక్కన, పక్క డొప్ప కింద దాగి ఉంటుంది. మోటారు సైకిలుకు తగిలినట్టు ఎదురుగాలి తగలదు. మాగ్నెట్ మీద ఉన్న ఫ్యాను రెక్కలు గాలి తోస్తే, ఆ గాలి సిలిండరు చుట్టూ ఉన్న రేకు తొడుగులోంచి రెక్కల సందుల్లో దూరి చల్లబరచాలి. తొడుగు తుప్పు పట్టిందని తీసి పక్కన పడేసిన బండ్లు షెడ్లలో కనిపిస్తాయి. "గాలి బాగా తగులుతుందిలే" అనుకుంటారు. నిజానికి తొడుగు లేకపోతే ఫ్యాను గాలి సిలిండరును తాకకుండానే చెదిరిపోతుంది. నూర్పిళ్ల రోజుల్లో గడ్డిపోచలు, ఊక రెక్కల సందుల్లో ఇరుక్కుని, పైన ఆయిలు చెమ్మ పట్టి అట్టకడుతుంది. దాన్ని కడిగించడం ఏ బోరు కంటే తక్కువ మేలు చేయదు.

పట్టేయడం ఎలా జరుగుతుందో తెలిస్తే జాగ్రత్త దానంతట అదే వస్తుంది. పిస్టన్ అల్యూమినియం, సిలిండరు పోతఇనుము. ఒకే వేడికి ఇనుము కంటే అల్యూమినియం దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది. రెండింటి మధ్య ఉన్న సందు వెంట్రుకతో పోల్చదగ్గది. వేడి హద్దు దాటితే పిస్టన్ ఉబ్బి గోడలకు అతుక్కుంటుంది. చేతక్‌కు గొలుసు లేదు, గేరుబాక్సు ఇరుసు మీదే వెనక చక్రం ఉంటుంది. ఇంజిను పట్టేసిందంటే వెనక చక్రం కూడా ఉన్నపళంగా నిలిచిపోతుంది. బండి జారిపోతుంది, వెనక వచ్చే లారీ ఆగదు. అందుకే అనుభవజ్ఞులు రెండు వేళ్లు ఎప్పుడూ క్లచ్ మీద ఉంచుకుంటారు. ఇంజిను శబ్దం హఠాత్తుగా బిగిసినట్టు వినిపించగానే క్లచ్ పట్టేస్తే చక్రం విడిపడి తిరుగుతుంది. ప్రాణం దక్కుతుంది, ఇంజిను సంగతి తర్వాత.

ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడు అందరూ ఇంజినును కనిపెట్టుకుని ఉంటారు. దిగేటప్పుడు ఎవరూ పట్టించుకోరు. గేరులో ఉంచి, ఆక్సిలేటరు పూర్తిగా మూసి కిలోమీటర్ల కొద్దీ దిగితే చక్రం ఇంజినును తిప్పుతూనే ఉంటుంది, పెట్రోలు రాదు. పెట్రోలు రాకపోతే ఆయిలూ రాదు. మధ్య మధ్య కొద్దిగా ఆక్సిలేటరు తిప్పి ఇంజినుకు తడి అందించడం పాత డ్రైవర్ల అలవాటు.

పోర్టులు రాపిస్తే

సిలిండరు గోడలో ఉన్న కిటికీల వంటి పోర్టులను పైకి పెంచితే ఇంజిను ఎక్కువ వేగంలో ఎక్కువ గాలి పీలుస్తుంది. అశ్వశక్తి పెరిగే మాట నిజమే. కాని ఆ పెరుగుదల పై వేగంలోనే వస్తుంది. తక్కువ వేగంలో లాగే సత్తువ తగ్గుతుంది. పందేల బండికి అది పనికి వస్తుంది. పాల బండికి కావలసింది రెండో గేరులో కట్ట ఎక్కే లాగుడు. బరువు మోసేవాడు పోర్టులు రాపించుకుంటే ఉన్నది కూడా పోగొట్టుకున్నట్టే. పోర్టు వెడల్పు హద్దు మీరితే రింగు మొన అందులో చిక్కుకుని విరుగుతుంది. ఆ ముక్క సిలిండరును నిలువునా గీరేస్తుంది.

వేగం పెరిగితే క్రాంకు మీద పడే భారం కూడా చూడాలి. నిమిషానికి 5,500 సార్లు తిరిగే ఇంజినును 7,000 దాకా తిప్పితే పిస్టన్ ఊపు వల్ల కనెక్టింగ్ రాడ్డు మీద పడే లాగుడు సుమారు ఒకటిన్నర రెట్లు దాటుతుంది. బేరింగులు మాత్రం పాతవే.

సైలెన్సర్ పలకలు పీకితే పెరిగేది మోత. టూ-స్ట్రోక్ ఇంజినులో పొగతోపాటు కొత్త మిశ్రమం కూడా కొంత బయటికి జారిపోతుంటుంది. దానికి అడ్డు తగలవలసిన సైలెన్సర్ బోలుగా ఉంటే పెట్రోలు దండగ. ఊరి జనం తిట్లు అదనం.

ఇటలీలో ఎలా చేస్తారు?

చేతక్ మూలాలు ఇటలీలో ఉన్నాయి. పియాజియో కంపెనీ 1946లో తెచ్చిన మొదటి వెస్పా 98 సి.సి. బండి, శక్తి 3.2 అశ్వశక్తి. దాన్ని రూపొందించిన కొర్రాదినో దాస్కానియో విమానాల ఇంజనీరు. ఆ వెస్పాలనే బజాజ్ మొదట లైసెన్సు మీద ఇక్కడ తయారు చేసింది. 57 మిల్లీమీటర్ల నడక ఉన్న 150 సి.సి. వెస్పాలకు ఇటలీలో పొలిని, డి.ఆర్. వంటి పేర్లతో 177 సి.సి. కిట్లు వచ్చాయి. బోరు 63 మిల్లీమీటర్లు. పెరుగుదల నూటికి ఇరవై పైచిలుకు. ఇది పేరుకు తగిన పెంపుదల.

అయితే పాత సిలిండరును కోసి 63 చేయరు. దళసరి గోడలతో, తగిన పోర్టులతో, కొత్త హెడ్డుతో సిలిండరే వేరుగా పోతపోస్తారు. దానికి తోడు పెద్ద జెట్టు వేయాలి, క్లచ్ స్ప్రింగులు బిగువైనవి కావాలి, గేరు పళ్ల లెక్క కూడా సరిచూసుకోవాలి. ఒక్కటి మానేస్తే మిగిలినవన్నీ చెడతాయి. మన లేతు షాపులో ఒక పూట పని కాదది.

చిన్న ఇంజినునుంచి ఎంత పిండవచ్చో ఇటలీవారు 1951లోనే చూపించారు. ఆ ఏడాది రోమోలో ఫెర్రీ అనే పందెగాడు 125 సి.సి. లాంబ్రెట్టాకు గాలి పంపు బిగించి, చేప ఆకారం తొడుగులో కూర్చుని జర్మనీ రోడ్డు మీద గంటకు 201 కిలోమీటర్ల వేగం అందుకున్నాడు. చేతక్ కంటే చిన్న ఇంజిను అది. కాకపోతే ఆ ఇంజిను కొన్ని కిలోమీటర్లు బతికితే చాలు. పాలు పోసే వాడి ఇంజిను రేపు తెల్లవారుజామున కూడా కిక్కుకు అందాలి.

కంపెనీలు ఈ పని చేసిన తీరు గమనించదగ్గది. 1980లో హోసూరు నుంచి వచ్చిన టి.వి.ఎస్. 50 మోపెడ్డు మీద పల్లెజనం రెండింతల బరువు వేశారు. కంపెనీ ఆ 50 సి.సి. ఇంజినునే గీకి గీకి పెంచలేదు. తర్వాతి బండ్లకు 70 సి.సి. ఇంజిను పెట్టింది. 2015లో టూ-స్ట్రోకే వదిలేసి 99.7 సి.సి. ఫోర్-స్ట్రోక్ ఇంజినుతో ఎక్స్‌ఎల్ 100 తెచ్చింది. అందులో బలం నాలుగున్నర అశ్వశక్తికి లోపే. అయినా ఎరువు బస్తాలు మోస్తున్నది. తక్కువ వేగంలో లాగే సత్తువకు తగినట్టు కట్టిన ఇంజిను కావడమే కారణం.

ఆగడం మాటేమిటి?

గంటకు 60 కిలోమీటర్ల వేగంలో ఉన్న బండిని 80కి పెంచితే బ్రేకులు మింగవలసిన శక్తి దాదాపు 1.8 రెట్లు అవుతుంది. చేతక్‌కు ఉన్నవి చిన్న డ్రమ్ము బ్రేకులు, పది అంగుళాల చక్రాలు. ఇంజినుకు వెయ్యి ఖర్చు పెట్టేవారిలో బ్రేకు షూలకు వంద పెట్టేవారు ఎందరు?

చట్టం కూడా ఉన్నది. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం రిజిస్ట్రేషను పత్రంలో ఉన్న కంపెనీ వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. సుప్రీంకోర్టు 2019 జనవరిలో ఈ మాటను గట్టిగా చెప్పింది. సి.సి. మారిన బండి ప్రమాదానికి గురైతే బీమా దగ్గర చిక్కు తప్పకపోవచ్చు.

పెట్రోలు కూడా మునుపటిది కాదు. 2025 నాటికి దేశంలో పెట్రోలులో నూటికి ఇరవై పాళ్లు ఇథనాల్ కలపడం మామూలైంది. ఇథనాల్‌లోనే కొంత ప్రాణవాయువు ఉండడంవల్ల పాత జెట్టుతో నడిచే బండికి మిశ్రమం మరికొంత పలుచనవుతుంది. పాత రబ్బరు గొట్టాలు, సీళ్లు, కార్బొరేటరు వాషర్లు ఉబ్బి చెడవచ్చు. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది కాబట్టి నెలల తరబడి ట్యాంకులో పెట్రోలు నిలవ ఉంచకూడదు. ఏ మార్పూ చేయని బండికే ఈ జాగ్రత్తలు అవసరమైనప్పుడు బోరు, హెడ్డు మార్చిన బండి గురించి చెప్పేదేముంది? ప్లగ్గు తెల్లబడుతుంటే జెట్టు ఒక మెట్టు పెద్దది వేయించడమే దారి. మైలేజీ కాస్త తగ్గుతుంది.

అన్నీ సరిచూసుకున్నా బోరు అరిగే ఉన్నదని తేలితే చేయించవలసిందే. అప్పుడు అరుగుదల పోవడానికి ఎంత కావాలో అంతే కోయించాలి. లేతువాడికి పిస్టన్ చేతికిచ్చి, దాన్ని కొలిచాకే కోయమనాలి. డబ్బా మీది అంకె చూసి కోస్తే సందు తప్పుతుంది. చేతక్‌కు టూటీ ఆయిలు లీటరుకు 20 మిల్లీలీటర్లు, అంటే అయిదు లీటర్లకు 100. కొలగిన్నెతో కొలిచి కలపాలి. కంటితో చూసి పోసే లెక్క పనికిరాదు. మేలు జరుగుతుందని రెట్టింపు పోస్తే మసి పేరుకుని మొదటికి వస్తుంది.

కొత్త రింగులు బోరుకు ఒదిగే దాకా, మొదటి కొన్ని వందల కిలోమీటర్లు, ఇంజినును నిండా లాగించకూడదు. పావుగంట నడిపాక కాసేపు ఆపి చల్లారనివ్వాలి. ఆ రోజుల్లో దాణా బస్తా మరో బండి మీద తెచ్చుకుని, రెండు క్యాన్లకు బదులు ఒక్కో క్యానే వేసుకుని పాలకేంద్రానికి రెండుసార్లు తిరగాలి.